మైలేజీ పెంచే డ్రైవింగు అలవాట్లు: ఏవి నిజంగా పనిచేస్తాయి, ఏవి చేయవు? నెల్లూరు, ప్రకాశం జిల్లాల వాహనదారులు తరచుగా అడిగే ప్రశ్నలు

నేను కావలిలో ఉంటాను. సొంత డీజిల్ కారు బాడుగకు తోలుతాను. నెల్లూరు ఆసుపత్రులకు పేషెంట్లు, చెన్నై ఎయిర్‌పోర్టుకు గల్ఫ్ పోయేవాళ్లు, ముహూర్తాలప్పుడు పెళ్లివాళ్లు, కార్తీకంలో శ్రీశైలం యాత్రలు. బాడుగ బండికి ఇంధనం ఖర్చు ఎంత తగ్గితే ఇంటికి అంత మిగులుతుంది. అందుకే కొట్టించిన ప్రతి ట్యాంకూ నోటుబుక్కులో రాసుకుంటూ వస్తున్నాను. స్టాండులో తోటి డ్రైవర్లు, బంకు దగ్గర కనిపించే కుర్రాళ్లు, బంధువులు ఎప్పుడూ అడిగే ప్రశ్నలు ఇవి. లీటరు పెట్రోలు వంద దాటిన రోజుల్లో ఈ సంగతులు అందరికీ తెలియాలని రాస్తున్నాను.

తోలే తీరును బట్టి మైలేజీ నిజంగా మారుతుందా? బండి ఇచ్చేది బండి ఇస్తుంది కదా?

మారుతుంది, అదీ బాగా మారుతుంది. మన ఆర్టీసీ డిపోలో ఏ డ్రైవరునైనా అడగండి. బస్సు లీటరుకు ఎన్ని కిలోమీటర్లు ఇచ్చిందో, కె.ఎం.పి.ఎల్. అని, డ్రైవరు పేరు మీద లెక్క కడతారు. అదే బస్సు అదే రూటులో ఇద్దరి చేతుల్లో రెండు రకాలుగా ఇస్తుంది కాబట్టే ఆ లెక్క ఉంది.

అమెరికా ఇంధన శాఖ అంచనా ప్రకారం దూకుడుగా తోలితే హైవే మీద 15 నుంచి 30 శాతం, ఆగి ఆగి కదిలే ట్రాఫిక్కులో 10 నుంచి 40 శాతం మైలేజీ పడిపోతుంది. ఈ పేజీలో ఇక మీదట వచ్చే చిట్కాలు చాలావరకు ఒక శాతం, రెండు శాతం సంగతులు. పెద్ద మొత్తం మాత్రం కుడికాలి కిందే ఉంది.

ఎందుకో చిన్న లెక్క చెబుతాను. మనుషులతో కలిపి 1200 కిలోలుండే పెట్రోలు కారు ఆగిన చోటు నుంచి 60 స్పీడు అందుకోవాలంటే, ఆ వేగం కోసమే సుమారు 20 మిల్లీలీటర్ల పెట్రోలు కాలుతుంది. లీటరు 110 రూపాయలనుకుంటే రెండు రూపాయల పైమాట. ఆ వేగాన్ని గట్టి బ్రేకుతో చంపేస్తే ఆ రెండు రూపాయలూ బ్రేకు ప్యాడ్ల మీద వేడిగా పోయినట్టే. మళ్లీ ఎత్తుకోవడానికి ఇంకో రెండు రూపాయలు. నెల్లూరు ట్రంకు రోడ్డులో ఈ చివర నుంచి ఆ చివరకు పోయేలోపు ఎన్నిసార్లు ఇలా చేస్తున్నామో లెక్కపెట్టుకుంటే సంగతి అర్థమవుతుంది.

కాలు తేలిగ్గా పెట్టమంటారు. అంటే నిదానంగా పొమ్మనా?

కాదు. దూరం చూసి తోలమని. కావలి నుంచి ఉదయగిరి రోడ్డులో పోతున్నామనుకోండి. మూడు వందల మీటర్ల అవతల బర్రెల మంద రోడ్డెక్కుతోంది. కొందరు అదే స్పీడులో మంద దాకా పోయి, హారన్ కొట్టి, బ్రేకు తొక్కి, ఫస్టు గేరులోకి దిగి, మంద దాటాక మళ్లీ ఎగదోస్తారు. ఇంకొకరు మంద కనపడగానే కాలు తీసేస్తారు. బండి గేరులోనే 70 నుంచి 60, 50, 40కి దానంతటదే జారుతుంది. మంద దగ్గరికి పోయేసరికి ఆఖరి బర్రె దిగిపోతుంటుంది. ఈయన థర్డు గేరులో అలాగే సాగిపోతాడు. ఇద్దరూ ఉదయగిరి చేరే టైములో పెద్ద తేడా ఉండదు. తేడా అంతా ట్యాంకులో కనపడుతుంది, బ్రేకు లైనింగులోనూ కనపడుతుంది.

గేర్ల సంగతి కూడా ఇందులోదే. పెట్రోలు కారైతే ఇంజను నిమిషానికి 2000 నుంచి 2500 చుట్లకు రాగానే, డీజిలైతే 1500 నుంచి 2000 మధ్యలో పై గేరుకు మార్చండి. అలాగని 30 స్పీడులో ఫోర్తు గేరు వేసి ఇంజను గుడగుడలాడుతుంటే బలవంతాన తొక్కొద్దు. అది పొదుపు కాదు, ఇంజనుకు దెబ్బ.

హైవే మీద ఏ స్పీడులో మైలేజీ బాగా వస్తుంది?

ఎక్కువ కార్లకు టాపు గేరులో 60 నుంచి 80 మధ్యలో. ఆ పైన గాలి అడ్డం పడుతుంది. గాలి అడ్డు వేగం వర్గంతో, అంటే వేగాన్ని వేగంతోనే గుణించిన లెక్కలో పెరుగుతుంది. 80 నుంచి 100కి పోతే వేగం పెరిగేది పావు వంతే, గాలి అడ్డు మాత్రం సగానికి పైగా, 56 శాతం పెరుగుతుంది. టైర్ల రాపిడి, ఏసీ లాంటి మిగతా ఖర్చులు అంత పెరగవు కాబట్టి ఇంధనం మొత్తం 56 శాతం ఎక్కువ తాగదు. అయినా తేడా గట్టిగానే ఉంటుంది.

నా కారు 80లో తోలితే లీటరుకు 22 దాకా ఇస్తుంది, 100లో 18కి పడిపోతుంది. నెల్లూరు నుంచి ఒంగోలు సుమారు 120 కిలోమీటర్లు. ఎక్కడా ఆగకుండా 100లో పోతే 72 నిమిషాలు, 80లో పోతే 90 నిమిషాలు. అంటే 18 నిమిషాల కోసం లీటరుకు పైగా డీజిల్ ఇస్తున్నాం. నిజానికి ఆ 18 నిమిషాలు కూడా పూర్తిగా మిగలవు. టంగుటూరు టోలు దగ్గర నిలబడాలి, ఊళ్ల దగ్గర అడ్డంగా వచ్చే ఆటోలకు తగ్గించాలి. నన్ను దాటుకుని దూసుకుపోయిన కార్లను టోలు క్యూలో మళ్లీ పలకరించిన రోజులు నాకు లెక్కలేనన్ని.

1973 చమురు సంక్షోభం వచ్చాక అమెరికా 1974లో దేశమంతా స్పీడు పరిమితిని గంటకు 55 మైళ్లకు, అంటే మన లెక్కలో దాదాపు 88 కిలోమీటర్లకు తగ్గించింది. చమురు ఆదా కోసమే తెచ్చిన చట్టమది.

మరి 40లో పోతే ఇంకా ఎక్కువ వస్తుందా?

రాదు. 40లో టాపు గేరు పడదు. పైగా హైవే మీద 40లో పోయే కారు వెనక వచ్చే లారీకి ప్రమాదం. బైకుల సంగతి వేరు, కింద చెప్పాను.

దిగుడులో న్యూట్రల్ వేస్తే డీజిల్ మిగులుతుందని మా పెద్దలు చెప్పేవాళ్లు. నిజమేనా?

పెద్దలు చెప్పిన కాలంలో కార్బురేటరు బండ్లు, పాత డీజిలు పంపులు. వాటికి ఆ మాట కొంత చెల్లింది. కంప్యూటరు కొలిచి ఇంధనం చల్లే ఇప్పటి ఇంజెక్షన్ బండ్లలో లెక్క తిరగబడింది. గేరులో ఉంచి యాక్సిలరేటరు మీద కాలు పూర్తిగా తీసేస్తే ఇంజెక్టర్లు ఇంధనం చల్లడం మానేస్తాయి. చక్రాలే ఇంజనును తిప్పుతుంటాయి, ఒక్క చుక్క కూడా కాలదు. న్యూట్రల్ వేశారంటే ఇంజను చక్రాల నుంచి విడిపోతుంది, ఆగిపోకుండా ఉండడానికి తనకు తాను ఇంధనం తాగుతుంది. బోర్డు మీద అప్పటికప్పుడు మైలేజీ చూపించే కార్లలో కాలు తీసిన వెంటనే ఆ అంకె పైకి లేచి ఆఖరు దాకా పోవడం మీరే చూడొచ్చు.

న్యాయంగా ఒక మాట చెప్పాలి. చాలా కొద్దిపాటి వాలులో న్యూట్రల్ బండి ఇంజను లాగుడు లేక ఇంకాస్త దూరం జారుతుంది. అక్కడ పిసరంత మిగిలినా మిగలొచ్చు. ఘాటులో మాత్రం మిగిలేది లేదు, పోయేదే ఉంది.

దోర్నాల నుంచి శ్రీశైలం పోయే ఘాటులో ఒకసారి యాత్రికులను దింపుకుని వస్తున్నాను. మలుపు తిరగగానే ఒక కారు రోడ్డు పక్కన రాయికి ఆనించి ఆపి ఉంది. ముందు చక్రాల నుంచి తెల్లటి పొగ. కాలిన లైనింగు వాసన మా కారులోకి కూడా వచ్చింది. లోపల ముసలామె, ఇద్దరు చిన్నపిల్లలు. డ్రైవరు కుర్రాడి చేతులు వణుకుతున్నాయి. న్యూట్రల్‌లో దిగుతూ బ్రేకు మీదే కాలు పెట్టుకుని వచ్చాడట, చివరికి పెడలు మెత్తగా లోపలికి పోయిందట. బ్రేకు వేడెక్కితే పట్టు పోతుంది, ఆయిలు మరిగితే పెడలు పనికిరాకుండా పోతుంది. ఆ రాయి లేకపోతే ఏమయ్యేదో తలుచుకుంటే నాకిప్పటికీ గుండె ఝల్లుమంటుంది. ఏ గేరులో ఎక్కుతామో ఆ గేరులోనే దిగాలి. గిద్దలూరు, నంద్యాల మధ్య నల్లమల ఘాటులోనూ అంతే.

దిగుడులో ఇంజను ఆపేయడం ఇంకా ఘోరం. పవరు స్టీరింగు బిగుసుకుంటుంది, బ్రేకుకు సాయం చేసే బూస్టరు రెండు మూడు తొక్కుళ్లకు అయిపోతుంది. తాళం తిప్పేస్తే స్టీరింగు లాకయ్యే బండ్లు కూడా ఉన్నాయి. దయచేసి చేయకండి.

రైలు గేటు దగ్గర, సిగ్నలు దగ్గర ఇంజను ఆపాలా? మళ్లీ స్టార్టు చేస్తే ఎక్కువ తాగదా?

ఇంజెక్షన్ బండి అయితే పది సెకన్ల కంటే ఎక్కువ ఆగాల్సి వస్తే ఆపడమే లాభం. స్టార్టు చేయడానికి పట్టేది అంతకంటే తక్కువ. చెన్నై-విజయవాడ లైను మన ఊళ్ల మధ్య నుంచే పోతుంది. గేటు పడితే ఒక్కోసారి అటో రైలు, ఇటో రైలు. ఊరికే తిరిగే కారు ఇంజను సైజును బట్టి, ఏసీని బట్టి గంటకు అర లీటరు నుంచి లీటరున్నర దాకా తాగుతుంది. పది నిమిషాల గేటుకు వంద మిల్లీలీటర్ల పైనే పోవచ్చు. అక్కడ ఇరవై కార్లు నిలబడి ఉంటాయి, లెక్క వేసుకోండి.

రెండు మినహాయింపులు. బ్యాటరీ నీరసించిన బండిని ఆపకండి, గేటు లేచాక తోయించుకోవాల్సి వస్తుంది. టర్బో డీజిలును హైవే మీద గట్టిగా తోలుకొచ్చి ఉంటే వెంటనే ఆపకుండా ఒక నిమిషం తిరగనివ్వండి. టర్బో చల్లారాలి.

పొద్దున్నే ఐదు నిమిషాలు ఇంజను వేడి చేసే అలవాటు కూడా మానేయొచ్చు. మన నెల్లూరులో ఏ చలి ఉందని? అర నిమిషం చాలు. తర్వాత మొదటి కిలోమీటరు నెమ్మదిగా పోతే బండే వేడెక్కుతుంది.

ఏసీ వేస్తే ఎక్కువ తాగుతుందా, అద్దాలు దించుకుంటే ఎక్కువ తాగుతుందా?

ఊళ్లో నెమ్మదిగా పోయేటప్పుడు అద్దాలు దించుకోవడం చవక. హైవే మీద 80లో అద్దాలు దించితే గాలి లోపల దూరి బండిని వెనక్కి పడుతుంది, అప్పుడు అద్దాలెత్తి ఏసీ వేసుకోవడమే మేలు.

అయితే మే నెలలో నెల్లూరు, ఒంగోలు 42, 43 డిగ్రీలు దాటే రోజుల్లో ఇది ఇంధనం ప్రశ్న కాదు. ముసలివాళ్లు, పసిపిల్లలు, ఆసుపత్రికి పోయే మనిషి బండిలో ఉంటే ఏసీ ఆపకండి. దాని బదులు ఇలా చేయండి. ఎండలో నిలిపిన కారు ఎక్కగానే ఏసీ పెట్టొద్దు. నాలుగు తలుపులూ ఒక నిమిషం తెరిచి ఉంచండి. అద్దాలు దించి రెండు మూడు వందల మీటర్లు పోండి, లోపలి వేడి గాలి బయటికి పోతుంది. అప్పుడు అద్దాలెత్తి ఏసీ వేసి, లోపలి గాలే తిరిగే బటను నొక్కండి. బయటి 43 డిగ్రీల గాలిని మాటిమాటికీ చల్లబరచడం కంటే లోపలి గాలిని చల్లబరచడం ఏసీకి తేలిక. విపరీతమైన ఎండలో, దగ్గరి దూరాలకు ఏసీ పావు వంతు మైలేజీ కూడా తినగలదు. ఎక్కువ తినేది ఆ మొదటి పది నిమిషాల్లోనే.

ఎండాకాలం టైరు పేలుతుందని గాలి తగ్గించి కొట్టిస్తున్నాం. మైలేజీ తగ్గుతుందా?

మైలేజీ సంగతి తర్వాత, ముందు ఆ అలవాటు మానండి. రోహిణి కార్తెలో హైవే మీద పేలే టైర్లలో గాలి తక్కువైనవే నాకెక్కువ కనిపించాయి. గాలి తగ్గితే టైరు పక్క గోడ ప్రతి చుట్టుకూ నలుగుతుంది. నలిగే కొద్దీ వేడెక్కుతుంది. కింద కాలే రోడ్డు, పైన వంద స్పీడు, లోపల నలుగుడు, మూడూ కలిస్తే టైరు చీలిపోతుంది.

డ్రైవరు తలుపు తెరిస్తే పక్క స్తంభం మీద చిన్న స్టిక్కరు ఉంటుంది. కొన్ని బండ్లకు పెట్రోలు మూత లోపల ఉంటుంది. ఇద్దరు ఎక్కితే ఎంత, నిండా ఎక్కితే ఎంత అని రాసి ఉంటుంది. చిన్న కార్లకు సాధారణంగా 30 నుంచి 33 పాయింట్ల (పీఎస్ఐ) మధ్య. టైరు చల్లగా ఉన్నప్పుడు ఆ లెక్కకే కొట్టించండి. వేడి టైరులో రీడింగు నాలుగైదు పాయింట్లు ఎక్కువ చూపిస్తుంది, అది చూసి గాలి వదలొద్దు.

ఇక మైలేజీ. నాలుగు టైర్లలో ఒక్కో పాయింటు తగ్గితే 0.2 శాతం పోతుందని అంచనా. పది పాయింట్లు తగ్గితే రెండు శాతం. చిన్నదే. కానీ టైర్లు ముందే అరగడం, పేలడం కలుపుకుంటే చిన్నది కాదు. పెట్రోలు బంకులో గాలి ఉచితంగా కొట్టాలి, అడగడానికి మొహమాటపడొద్దు.

నైట్రోజన్ గురించి అడుగుతుంటారు. మామూలు గాలిలోనే 78 శాతం నైట్రోజన్ ఉంది. మైలేజీ కోసమైతే దానికి డబ్బులు పెట్టనక్కర్లేదు.

లారీ వెనకే పోతే గాలి అడ్డు తగ్గి మైలేజీ పెరుగుతుందట కదా?

పెరుగుతుంది. ఇది పనిచేసే చిట్కా. అందుకే మరీ భయంగా ఉంటుంది.

80 స్పీడులో బండి సెకనుకు 22 మీటర్లు పోతుంది. ముందు లారీ బ్రేకు లైటు చూసి మన కాలు బ్రేకు మీదికి పోయేలోపు ముప్పై మీటర్ల పైన దాటిపోతాం. గాలి లాభం గట్టిగా అందేంత దగ్గరలో ఉంటే ఆ ముప్పై మీటర్లు మన దగ్గర ఉండవు. మన హైవే మీద పోయేవి మామూలు లారీలా? చీమకుర్తి నుంచి గ్రానైటు దిమ్మలు, కృష్ణపట్నం పోర్టు నుంచి బొగ్గు టిప్పర్లు, కంటైనర్లు. వెనక లైట్లు మట్టి కొట్టుకుని ఉంటాయి, కొన్నిటికి వెలగవు కూడా. మూడు సెకన్ల దూరం వదలండి. ముందు లారీ ఒక స్తంభం దాటాక మీరు ఒకటి, రెండు, మూడు అని నిదానంగా అనుకుని పూర్తయ్యాకే ఆ స్తంభం రావాలి. రాత్రిపూట ఇంకా ఎక్కువ.

ఈమధ్య మైలేజీ తగ్గింది. ఈ20 పెట్రోలు వల్లనా?

కొంత దాని వల్లే. పెట్రోలులో 20 శాతం ఇథనాల్ కలిపిన ఈ20 అమ్మకాలు 2023లో మొదలయ్యాయి, 2025 నాటికి దేశమంతా ఆ లెక్కకు చేరింది. చెరకు, మొక్కజొన్న, బియ్యం నూకల నుంచి ఇథనాల్ తీస్తారు. లీటరు ఇథనాల్‌లో ఉండే శక్తి లీటరు పెట్రోలు కంటే దాదాపు మూడో వంతు తక్కువ. ఐదో వంతు కలిపితే ఎంతో కొంత తగ్గక తప్పదు.

నీతి ఆయోగ్ 2021 నివేదికలో అంచనాలున్నాయి. పాత పద్ధతి కార్లకు 6 నుంచి 7 శాతం, పాత పద్ధతి ద్విచక్ర వాహనాలకు 3 నుంచి 4 శాతం, ఈ20కి తగ్గట్టు సరిచేసిన కార్లకు 1 నుంచి 2 శాతం తగ్గుతుందని. కాబట్టి 50 ఇచ్చే పాత బైకు 48 ఇస్తుంటే మెకానిక్కును తప్పుపట్టకండి. 50 ఇచ్చేది 40కి పడిందంటే మాత్రం అది ఇథనాల్ పని కాదు, బండిలో ఏదో ఉంది, చూపించండి.

తెల్లవారుజామున కొట్టిస్తే పెట్రోలు ఎక్కువ వస్తుందా? వంద బదులు నూటపది రూపాయలకు కొట్టించాలా?

రెండూ పనిచేయవు. చల్లటి పెట్రోలు కాస్త చిక్కగా ఉండే మాట నిజం, డిగ్రీకి ఒక శాతంలో పదో వంతు తేడా. కానీ బంకు ట్యాంకు భూమిలో ఉంటుంది, పొద్దునకూ మధ్యాహ్నానికీ దాని వేడి పెద్దగా మారదు. ఇక గుండ్రటి అంకెకు తక్కువ పోసేలా మీటరు పెడతారనే భయంతో నూటపది అంటారు. మీటరుకు వంద, నూటపది అని తేడా ఉండదు.

కొలత మీద అనుమానం ఉంటే దానికి దారి వేరే ఉంది. ప్రతి బంకులో తూనికలు కొలతల శాఖ ముద్ర వేసిన ఐదు లీటర్ల కొలపాత్ర ఉండాలి. అడిగితే మీ ముందు పట్టి చూపించాలి. ఐదు లీటర్లకు 25 మిల్లీలీటర్ల వరకు అటూఇటూ అనుమతి. ఒకసారి ఒక బంకులో అడిగితే పాత్ర తాళంలో ఉంది, ఓనరు లేడు అన్నారు. నేను కొట్టించుకోకుండా వచ్చేశాను. మీకూ ఆ హక్కు ఉంది.

పైపుకు కట్టే అయస్కాంతాలు, ట్యాంకులో వేసే మాత్రలు, ఛార్జరు సాకెట్లో గుచ్చే చిప్పులు?

కొనకండి. అమెరికా పర్యావరణ సంస్థ ఇలాంటివి వందకు పైగా పరీక్షించింది. మైలేజీని చెప్పుకోదగ్గంత పెంచినది ఒక్కటీ దొరకలేదు. ఒక దుకాణంలో ముప్పై శాతం గ్యారంటీ అంటే నేనూ అయస్కాంతం బిగించాను. నాలుగు ట్యాంకులు రాసి చూశాను. నోటుబుక్కులో ముందున్న అంకే ఉంది. ఆ డబ్బుతో ఒకసారి వీల్ అలైన్‌మెంటు అయ్యేది.

ఖరీదైన ప్రీమియం పెట్రోలు సంగతి కూడా అడుగుతారు. మీ బండి పుస్తకంలో ఎక్కువ ఆక్టేన్ కావాలని రాసి లేకపోతే మామూలుదే చాలు.

మాది బైకు. మాకేం చెబుతారు?

వంద, నూటపాతిక సీసీ బండికి 40 నుంచి 50 మధ్య స్పీడు మంచిది. బైకు మీద మనిషే పెద్ద అడ్డం కాబట్టి 70లో గాలి గట్టిగా కొడుతుంది. 60లో పోతుంటే 20 స్పీడు ఎదురుగాలి వస్తే బండి పాలిటికి అది 80 కిందే లెక్క. పడమర గాలి లేచిన రోజున కందుకూరు నుంచి పామూరు పోయి మైలేజీ రాలేదంటే తప్పు బండిది కాదు. వచ్చేటప్పటి లెక్క కూడా కలిపి చూసుకోవాలి.

బైకుల్లో ఎక్కువ పెట్రోలు పోయేది మనం చూడని చోట. ఒక పని చేయండి. బండిని మెయిన్ స్టాండు వేసి, న్యూట్రల్ చేసి, వెనక చక్రాన్ని చేత్తో గట్టిగా తిప్పి వదలండి. నాలుగైదు చుట్లు తేలిగ్గా తిరగాలి. ఒకటిన్నర చుట్టుకే ఆగిపోయిందంటే బ్రేకు పట్టేస్తోంది. పంచరు వేయించినప్పుడల్లా బ్రేకు రాడ్డు నట్టు ఎక్కువ బిగించి వదిలేస్తుంటారు. నట్టు రెండు తిప్పులు వదులు చేసి మళ్లీ తిప్పి చూడండి, పెడలు తొక్కి బ్రేకు పడుతోందో లేదో కూడా చూడండి. చైను కింది వరుస మధ్యలో వేలితో ఎత్తితే రెండు, రెండున్నర సెంటీమీటర్లు ఆడాలి. ఎండిపోయి తుప్పు రంగులో ఉంటే నూనె పట్టించండి. మైపాడు, కొత్తపట్నం వైపు సముద్రం గాలికి చైన్లు తొందరగా తుప్పు పడతాయి.

క్లచ్చి మీద రెండు వేళ్లు ఆనించి తోలే అలవాటు చాలామందికి ఉంది. తెలియకుండానే క్లచ్చి కొంత జారుతుంది, పెట్రోలూ పోతుంది, ప్లేట్లూ అరుగుతాయి. గేరు మార్చాక వేళ్లు తీసేయండి.

బరువు, టాపు క్యారియరు?

45 కిలోలకు సుమారు ఒక శాతం. ఊరి నుంచి తెచ్చిన రెండు పాతిక కిలోల బియ్యం బస్తాలు నెలంతా డిక్కీలో ఉంచుకుంటే ఆ ఒక్క శాతం పోయినట్టే. సగం ట్యాంకే కొట్టిస్తే తేలికగా ఉంటుందనే వాళ్లున్నారు. 35 లీటర్ల ట్యాంకులో సగం తగ్గితే 13 కిలోలు. దాని కోసం బంకుకు రెండుసార్లు తిరగడం దండగ.

టాపు క్యారియరు మాత్రం పెద్ద దొంగ. పైన లగేజీ పెట్టె కట్టుకుని హైవే మీద వంద దాటిన వేగంలో పోతే 10 నుంచి 25 శాతం దాకా పోవచ్చు. పెంచలకోన యాత్ర అయిపోయాక ఖాళీ క్యారియరును అలాగే ఉంచుకుని తిరిగేవాళ్లు అది ఊడదీయించండి.

ఎయిర్ ఫిల్టరు మారిస్తే మైలేజీ పెరుగుతుందా?

కార్బురేటరు పాత బండ్లకు 2 నుంచి 6 శాతం పెరుగుతుంది. ఇంజెక్షన్ బండ్లకు పెద్దగా పెరగదు, పికప్ మెరుగుపడుతుంది. ఎంత గాలి వచ్చిందో చూసి కంప్యూటరు అంతే ఇంధనం వదులుతుంది కాబట్టి. అయినా చీమకుర్తి, పొదిలి వైపు దుమ్ములో తిరిగేవాళ్లు మార్చి తీరాలి. అది ఇంజను ఆయుష్షు కోసం. ఇంజను ఆయిలు పుస్తకంలో రాసిన గ్రేడే పోయించండి, చిక్కటిది పోస్తే ఒకటి రెండు శాతం పోతుంది.

కంపెనీ చెప్పిన మైలేజీ మాకెందుకు రాదు?

ఆ అంకె ల్యాబులో రోలర్ల మీద, నిర్ణయించిన పద్ధతిలో బండిని నడిపి తీసింది. అక్కడ ఎదురుగాలి, ఆత్మకూరు బస్టాండు ట్రాఫిక్కు ఉండవు. ఒక బండిని ఇంకో బండితో పోల్చుకోవడానికి ఆ అంకె పనికొస్తుంది, అంతవరకే వాడుకోండి.

మా మైలేజీ మేమే సరిగ్గా ఎలా కొలుచుకోవాలి?

ఫుల్ ట్యాంకు కొట్టించండి. గన్ను మొదటిసారి టక్కుమని ఆగగానే చాలనండి. బంకు కుర్రాడు ఊపి ఊపి ఇంకో పది రూపాయలు పోస్తానంటే వద్దనండి, ఆ పోసింది ప్రతిసారీ ఒకే లెక్కలో ఉండదు. ట్రిప్పు మీటరు సున్నా చేయండి. మామూలుగా తిరగండి. ట్యాంకు పావుకు వచ్చాక అదే బంకులో, వీలైతే అదే గన్నుతో, మళ్లీ మొదటి టక్కు దాకా. తిరిగిన కిలోమీటర్లను ఇప్పుడు పట్టిన లీటర్లతో భాగించండి. ఒక్క ట్యాంకును నమ్మొద్దు, నాలుగు ట్యాంకుల సగటు తీయండి. తర్వాత ఒకే ఒక్క అలవాటు మార్చి ఇంకో నాలుగు ట్యాంకులు రాయండి. రెండు మూడు ఒకేసారి మారిస్తే దేని వల్ల పెరిగిందో తెలియదు. ఎవరు ఏ చిట్కా చెప్పినా, నేను చెప్పినవైనా సరే, ఇలా తేల్చుకోండి.

ఓవర్‌టేక్ చేసేటప్పుడు కూడా కాలు తేలిగ్గానే పెట్టాలా?

వద్దు. ఒంగోలు నుంచి పొదిలి మీదుగా మార్కాపురం పోయేటప్పుడు ఎదురుగా బస్సు వస్తుంటుంది, ముందు ట్రాక్టరు గడ్డి మోపులతో పోతుంటుంది. ఎదురు ఖాళీగా లేకపోతే ట్రాక్టరు వెనకే ఉండండి. ఖాళీ దొరికాక ఒక గేరు దించి, పూర్తిగా తొక్కి, ఎంత త్వరగా అయితే అంత త్వరగా మీ వైపు వచ్చేయండి. అక్కడ 30 మిల్లీలీటర్లు ఎక్కువ కాలినా కాలనివ్వండి.